వంతు వచ్చేదాకా వినడం

వృద్ధుల మెదడుకు కబుర్లు మేలు చేస్తాయా అన్న ప్రశ్నను జపాన్‌లోని రికెన్ సంస్థలో మిహోకో ఓటాకె-మత్సుఉరా బృందం శ్రద్ధగా పరీక్షించింది. ఆమె పద్ధతిలో ముందుగా ఒక అంశం ఇస్తారు. దానికి తగిన ఫొటోలు తీసి తెచ్చినవారు, తమ ఫొటో తెర మీద కనిపిస్తుండగా నిర్ణీత సమయంలో దాని గురించి చెప్పాలి. తరువాత మిగిలినవారు ప్రశ్నలు అడగాలి. ఒకరే మాట్లాడుతూ పోకుండా, మౌనంగా ఉన్నవారు వెనకబడకుండా ఒక రోబో చూసుకుంటుంది.

2021లో ప్రచురించిన ప్రయోగంలో 65 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులు వారానికోసారి చొప్పున 12 వారాలు పాల్గొన్నారు. కొందరు ఈ పద్ధతిలో, మిగిలినవారు తోచినట్లుగా మాట్లాడుకున్నారు. ఒక అక్షరంతో మొదలయ్యే పదాలను నిర్ణీత వ్యవధిలో వీలైనన్ని చెప్పే పరీక్షలో మొదటి వర్గం మెరుగుపడింది. ఇరువర్గాలూ మాట్లాడాయన్నదే నన్ను ఆలోచింపజేసింది. తన మాటను ఆపుకొని, ఎదుటివారు చెప్పింది గుర్తుంచుకొని, దానికి తగిన ప్రశ్నను అప్పటికప్పుడు కూర్చుకోవడంలోనే అసలు సాధన ఉందని నేను నమ్ముతున్నాను. అయితే పాల్గొన్నవారు కొద్దిమందే కనుక, ఈ పద్ధతి మతిమరుపు వ్యాధిని ఆపుతుందని దీన్నిబట్టి చెప్పకూడదు.