గ్యాస్ బండా డీజిల్ బండా: మూడు నెలలు తిరిగి నేను తేల్చుకున్నది

మాది కడియం పక్కన. నర్సరీ మనదే కానీ పెద్దది కాదు, ఎకరంన్నర. ఇన్నాళ్ళూ మొక్కలకి కిరాయి బండ్లే పెట్టేవాళ్ళం, సీజన్‌లో అయితే బండి దొరకదు, దొరికినా వాడు చెప్పిందే రేటు. 2024 వర్షాలప్పుడు ఇంక లాభం లేదని మనమే ఒక చిన్న ట్రక్ కొందామనుకున్నా. అక్కడ మొదలైంది గోల, గ్యాస్‌దా డీజిల్‌దా అని. గ్యాస్ అంటే వంట గ్యాస్ కాదు, సీఎన్‌జీ.

మొదట్లో నేను నూటికి నూరు శాతం గ్యాస్ వైపే. ఒక హిందీ వీడియో చూశా, అతను నోట్ బుక్ పెట్టుకుని మరీ లెక్కేశాడు, నెలకి ఇంత మిగులుద్ది అని, నేను కూడా మా ఆవిడకి చూపించి అడ్వాన్స్ కట్టేద్దామన్నా. ఆవిడ ఒక్కటే అడిగింది, ఆయన ఏ ఊర్లో కొట్టిస్తున్నాడండీ గ్యాస్ అని. చూస్తే ఢిల్లీ. అక్కడ అప్పుడు కిలో గ్యాస్ 75, లీటర్ డీజిల్ 87 చిల్లర. మా దగ్గర అప్పుడు డీజిల్ 97 అయితే గ్యాస్ 92 దగ్గర ఉండేది. అంటే తేడా అయిదు రూపాయలు, ఆయన లెక్క ఆయన ఊరికే పనికొస్తది. పైగా మన కోనసీమ కింద నుంచీ మన కాకినాడ సముద్రంలోంచీ కూడా గ్యాస్ తీస్తారు, ఆ సంగతి తలుచుకుంటే కడుపు మండుద్ది, సరే అది వదిలేద్దాం.

అయినా లెక్క వేశా. నెలకి 3000 కిలోమీటర్లు అనుకుందాం. లోడ్‌తో డీజిల్ బండి 13 ఇస్తే 230 లీటర్లు, అంటే 22 వేల పైన. గ్యాస్ బండి కిలోకి 15 ఇస్తే 200 కిలోలు, 18 వేల 400. నాలుగు వేలు మిగులు. తక్కువేం కాదు కదా.

మా బావకి గ్యాస్ బండి ఉంది, చిన్నది, రాజమండ్రిలో ఫర్నిచర్ షాపులకి తిప్పుతాడు. ఫోన్ చేస్తే "నోటితో చెప్తే నీకెక్కదు బామ్మర్దీ, రేపు పొద్దున్నే నాతో రా" అన్నాడు. అయిదింటికి వెళ్తే అప్పటికే మా ముందు పద్నాలుగు బండ్లు, ఎక్కువ ఆటోలే. బావ ఇంజన్ ఆపేసి తువ్వాలు మెడలో వేసుకుని దిగి బండి చేత్తో నెట్టుకుంటా కదుపుతున్నాడు, నేను వెనక నుంచి నెట్టడం. మా వంతు వచ్చేసరికి ఆరుంబావు అయింది. గ్యాస్ కొట్టేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు, దిగి పక్కన నిలబడ్డాం. కుర్రాడు పైపు తగిలించాడు, సుయ్యిమని సౌండు, మీటర్ గబగబా తిరిగింది, తర్వాత మెల్లగా, తర్వాత ఆగిపోయింది. "150 బార్‌కే ఆగిపోయిందండీ, ప్రెజర్ లేదు" అన్నాడు. బార్ అంటే ప్రెజర్ కొలత, మామూలుగా 200 దాకా ఎక్కాలి. అంటే సిలిండర్ నిండలేదు, బావ ఏం మాట్లాడకుండా డబ్బులిచ్చేశాడు, అలవాటైపోయినట్టుంది.

ఎందుకిలా అని అడిగితే చెప్పాడు, ఆ బంకుకి పైప్‌లైన్ లేదంట, లారీ మీద సిలిండర్ల కట్టలు తెచ్చి పెడతారు, అందులో గ్యాస్ అయిపోయే కొద్దీ ప్రెజర్ పడిపోద్ది, లారీ లేటయితే బంకు ముందు బోర్డు పెట్టేస్తారు. పైప్‌లైన్ ఉన్న బంకులో ఈ బాధ తక్కువ. గ్యాస్ బండి కొనేవాళ్ళు బండి కంటే ముందు బంకుని చూసుకోవాలి అని నాకు అప్పుడర్థమైంది. ఇంకోటి, మూడేళ్ళకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ళ ప్రెజర్ పెట్టి చూసే పరీక్ష, చేయించాలి, ఆ కాగితం లేకపోతే బంకులో గ్యాస్ కొట్టరు.

ఇంటికొచ్చి లెక్క మళ్ళీ వేశా. మా నర్సరీ నుంచి ఆ బంకు 11 కిలోమీటర్లు, పోనూ రానూ 22. రెండ్రోజులకోసారి అంటే నెలకి 330 కిలోమీటర్లు ఉత్తినే, దానికి 22 కిలోల గ్యాస్, రెండు వేలు. మిగులుద్దనుకున్న నాలుగు వేలల్లో సగం బంకుకి వెళ్ళి రావడానికే పాయె. క్యూలో నిలబడ్డ గంటకి నేను రేటు కట్టలేదు.

ఇంక బరువు సంగతి. మారుతి సూపర్ క్యారీ అనే చిన్న ట్రక్ చూశాను, అందులో డీజిల్ ఇప్పుడు లేదు, 2020లో బీఎస్ 6 అని పొగ కాలుష్యం రూలు వచ్చినప్పుడే ఆపేశారు. పెట్రోల్‌ది 740 కిలోలు మోస్తది, గ్యాస్‌ది 625, సిలిండర్ బరువు మన లోడ్‌లోంచే పోద్ది. ఫర్నిచర్‌కి పర్లేదు, మొక్కలకి అలా కాదండి. చూసేవాళ్ళకి మొక్కలంటే ఆకులే కనపడతాయి, మోసేది మట్టి. పైగా బండికి ఎక్కించే ముందు తడుపుతాం, లేకపోతే దారిలో వాడిపోతాయి, ఎండు కవరు ఒకెత్తు తడిసిన కవరు ఒకెత్తు. పెద్ద కవర్ల పామ్ మొక్కలు ఎత్తి చూడండి, నడుం పట్టేస్తది.

అయినా మనసు గ్యాస్ మీద నుంచి పూర్తిగా పోలా. అది తెంచింది ఘాట్ రోడ్డు. మా లోడ్లలో మూడో వంతు మారేడుమిల్లి, చింతూరు మీదుగా జగదల్‌పూర్ వైపు పోతాయి. ఒకసారి కిరాయి డీజిల్ పికప్‌లో నేనే కూర్చుని వెళ్ళా, ఘాట్‌లో సెకండ్ గేర్‌లో గుర్రుమంటా ఎక్కుతా ఉంది, డ్రైవర్ ఒక చేత్తో బీడీ, ఒక చేత్తో స్టీరింగ్. దారి పొడుగునా నా చూపంతా గ్యాస్ బంకుల కోసమే, రంపచోడవరం దాటాక నాకు ఒక్కటీ కనపడలా. గ్యాస్ బండికి అయిదు లీటర్ల పెట్రోల్ ట్యాంకు ఉంటది కదా అంటారు, అది బంకు దాకా ఈదడానికి, అడవి దాటడానికి కాదు.

డీజిలే తీసుకున్నా. మొత్తం బరువు మూడు టన్నుల లోపు ఉండేలా చూసుకున్నా, ఆ లోపయితే పర్మిట్ అక్కర్లేదు. నాకున్న కారు లైసెన్సే దీనికీ సరిపోద్ది, 7500 కిలోల లోపు బండ్లకి అదే చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. బాడీకి పక్కల ఎత్తు పెంచి కట్టించా, లోను, ఇన్సూరెన్స్ మామూలే.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. కొన్న నాలుగో నెల్లో మీటర్ మీద పసుపు లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది, యాక్సిలరేటర్ తొక్కినా అలాగే మూలుగుతా పోద్ది. షోరూంలో కొనేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. బీఎస్ 6 డీజిల్‌కి పొగ గొట్టంలో ఫిల్టర్ ఉంటది, మసి దాంట్లో పేరుకుంటది, బండి బాగా వేడెక్కి పరిగెత్తితేనే ఆ మసి కాలిపోద్ది. మనమేమో దానికి ముందు రెండు వారాలూ తోట నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి తోటకి, మూడేసి కిలోమీటర్లు తిప్పాం. మెకానిక్ ఏం విప్పలేదు, "హైవే ఎక్కి అరగంట ఆపకుండా తోలండి" అన్నాడు. ఖాళీ బండి రాజానగరం దాకా తోలుకెళ్ళి వచ్చా, లైటు ఆరింది. ఇప్పుడు వారానికోసారి దూరం లోడ్ లేకపోతే నాకు గుండెల్లో గుబులు. ఊళ్ళో తిరిగే పనికి డీజిల్ కొన్నవాడు మాత్రం తెలివి తక్కువోడే, ఆ మాట నేనే ఒప్పుకుంటా.

ఇప్పుడు బావా నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. దగ్గర లోడ్లు, రాజమండ్రి ఇళ్ళకి పూలకుండీలు, అవన్నీ ఆయన గ్యాస్ బండికి. ఆయనకెవరైనా ఘాట్ దాటే సరుకు చెప్తే నాకు. మొన్న పొద్దున ఆరింటికి ఫోను, "ఎక్కడున్నావు బామ్మర్దీ" అని. జగదల్‌పూర్ లోడ్ ఎక్కిస్తున్నా బావా అన్నా. "నేనింకా క్యూలోనే, ముందు తొమ్మిది ఆటోలు" అన్నాడు.