ఎడమకు లాగిన లారీ, కాలిన కుడి డ్రమ్ము: ఫిట్‌నెస్ కోసం నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం మా పది టైర్ల లారీకి ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రవాణా శాఖ ఇచ్చే సర్టిఫికెట్, వచ్చింది. పత్రం చేతికొచ్చినా కోపం దిగలేదు. అది చల్లారేలోపే రాసేస్తే నాలాంటి వాళ్లు నలుగురికైనా డబ్బు మిగులుతుందని కూర్చున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మిల్లుల నుంచి బియ్యం, అది దొరకని రోజుల్లో మేళ్లచెరువు వైపు సిమెంటు. డ్రైవరునూ నేనే, ఓనరునూ నేనే. బండి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అంతకుముందు రెండేళ్లకోసారి సరిపోయేది. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. ఈ 50 రూపాయల మీదే 2022లో హైదరాబాదులో ఆటోలు, క్యాబులు బంద్ చేశాయి. లారీ వాళ్లకు కూడా ఆ భయం తక్కువేమీ కాదు.

లైట్లు, వైపర్లు, హారను, వెనుక రిఫ్లెక్టర్ టేపు, పొగ పరీక్ష ఒక్క పూటలో అయిపోయాయి. వెనుక కమాను కట్టలో, అంటే కుదుపులు ఆపే ఇనుప పట్టీల స్ప్రింగులో, ఒక పట్టీ విరిగి ఉంటే మార్పించాను. కట్ట విప్పి బిగించిన వాళ్లెవరూ చెప్పరు కానీ, మొదటి లోడు దించాక, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. పట్టీలు కూర్చున్నాక బోల్టు వదులవుతుంది. ఆ వదులులోనే పట్టీలన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరుగుతుంది.

అసలు కథ బ్రేకులది.

కొంతకాలంగా బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. నమ్మకంగా చేస్తాడని పేరున్న లైనర్ల షాపులో ముందు చక్రాలకు కొత్త లైనర్లు (బ్రేకు వేస్తే డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) వేయించాను, చక్రంతో తిరిగే డ్రమ్ములను లేతు మిషను మీద నున్నగా చేయించాను. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంతలో ఫిట్‌నెస్ తేదీ వచ్చేసింది.

రవాణా శాఖ పరీక్ష మైదానంలో ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి, కొంచెం వేగం అందుకుని ఒక్కసారిగా బ్రేకు వేయమన్నారు. వేశాను. స్టీరింగు ఎంత బిగించి పట్టుకున్నా బండి సున్నం గీత దాటి, వరుసలో ఆగి ఉన్న స్కూలు బస్సు దాకా పోయి నిలిచింది. ఆ బస్సు డ్రైవరు తలుపు తీసుకుని కిందికి దూకాడు. అంతమందిలో ఇన్‌స్పెక్టరు గట్టిగా, "ఇది లారీనా, ఎడ్లబండా? డ్రైవింగు ఎవరు నేర్పారు నీకు?" అన్నారు. జనం నవ్వారు. నా కంటే చిన్నవాళ్లు, నా దగ్గర క్లీనరుగా చేసి వెళ్లినవాడు కూడా ఆ గుంపులో ఉన్నాడు. బండిని ఆయన తిప్పి పంపడం న్యాయమే. నాకు డ్రైవింగు ఎవరు నేర్పారని అడగడం మాత్రం న్యాయం కాదు. నల్లమల ఘాటులో, రాత్రి వానలో, నిండు లోడుతో శ్రీశైలం రోడ్డు దిగిన చేతులివి.

గేటు దగ్గర ఒక ఏజెంటు చెవిలో గొణిగాడు, కొంత ఇస్తే తాను చూసుకుంటానని. అతను కాగితం తేగలడు కానీ బ్రేకు తేలేడు కదా. వద్దని వచ్చేశాను.

ఇక లాభం లేదని హైవే పక్కన ఉన్న కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. పేరు రాయను. ఏసీ గది, గాజు తలుపు, చేతిలో ట్యాబ్ పట్టుకున్న కుర్రవాడు. తల ఎత్తకుండానే "ఓనరు నంబరు చెప్పు" అన్నాడు. నేనే ఓనరునన్నాను. నా లుంగీ వైపు ఒకసారి చూసి, "ఆర్సీ మీద ఉన్న పేరు నీదేనా?" అన్నాడు. మా అబ్బాయి వయసు ఉంటుంది.

నేను రెండు సంగతులు చెప్పాను. బండి ఎడమకు లాగుతోంది. కానీ దిగి చూస్తే కాలుతున్నది కుడి డ్రమ్ము. ఈ రెండో మాట అతను రాసుకోనే లేదు. "ఎడమకు లాగితే ఎడమ బ్రేకు ఎక్కువ పడుతోందని అర్థం, లేకపోతే కింగ్‌పిన్ పోయి ఉంటుంది" అని అక్కడికక్కడే తేల్చేశాడు. స్టీరింగు తిప్పితే ముందు చక్రం ఏ పిన్ను మీద తిరుగుతుందో అదే కింగ్‌పిన్. మరి కుడిది ఎందుకు కాలుతోందని మళ్లీ అడిగితే, "అంకుల్, మీరు బయట కూర్చోండి, ఫోను చేస్తాం" అన్నాడు. పని జరిగే చోటికి ఓనర్లను రానివ్వరట. నా బండి కిందికి నేను దూరడానికి ఇంకొకరి అనుమతి కావాలట!

కింగ్‌పిన్ సెట్లు రెండువైపులా, బుష్‌లు, బ్రేకు బిగుతు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు, మళ్లీ లైనర్లు. బిల్లు నలభై వేలు దాటింది. డబ్బు కట్టి రోడ్డెక్కి, మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే బ్రేకు తొక్కాను. ఎడమకే లాగింది. వెనక్కి తిప్పి అడిగితే "కొత్త పార్టులు సెట్ కావాలి, కొన్నాళ్లు నడపండి" అన్నారు. తీసిన పాత పార్టులు ఇమ్మని గట్టిగా కూర్చుంటే చివరికి ఒక గోనెసంచిలో వేసి ఇచ్చారు. పాత కింగ్‌పిన్‌లను మా ఊరి లేత్ షాపులో కొలిపించాను. అరుగుదల లేనే లేదు. ఎవరు పార్టు మార్చినా పాతది అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగిన చోట బిల్లు ఇంకోసారి చదవండి.

చివరికి దారి చూపించింది నార్కట్‌పల్లి దాటాక రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్ద మేస్త్రి. ఆయన స్పానరు పట్టుకోకముందే అడిగాడు: "బ్రేకు వదిలాక కూడా కుడివైపు పట్టేసినట్టు ఉంటుందా?" అవునన్నాను. ఇన్నాళ్లలో ఈ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే.

చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టించాడు. లారీ బ్రేకు గాలి ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి ట్యాంకులో ఎయిర్ నిండాక ఇంజను ఆపించి, నన్ను పెడలు తొక్కమని తాను కింద పడుకున్నాడు. తర్వాత మేం చోట్లు మార్చుకున్నాం, నేను కిందికి వెళ్లాను. చక్రం దగ్గర గాలి నిండి బ్రేకును తోసే డబ్బాను చాంబరు అంటారు. ఎడమ చాంబరు రాడ్డు పెడలు తొక్కగానే టక్కున బయటికి వచ్చి, వదలగానే లోపలికి పోయింది. కుడిది ఒక క్షణం ఆలోచించుకుని మెల్లగా కదిలింది. పెడలు వదిలాక కూడా అలాగే ఉండి, తీరిగ్గా వెనక్కి వెళ్లింది. అప్పుడు నాకు లెక్క కుదిరింది. గాలి కుడివైపు ఆలస్యంగా చేరుతోంది కాబట్టి మొదట ఎడమ బ్రేకు పట్టి బండి అటు లాగుతోంది. అదే గాలి ఆలస్యంగా బయటికి పోతోంది కాబట్టి కుడి లైనరు డ్రమ్మును రాసుకుంటూ కాలుస్తోంది.

కుడి చాంబరుకు వెళ్లే రబ్బరు హోస్ పైపు విప్పాడు. పైకి పగులు లేదు, గాలి కారడం లేదు. బ్లేడుతో నిలువుగా చీల్చి చూపించాడు. లోపలి పొర ఊడి, నాలుకలా దారికి అడ్డంగా వేలాడుతోంది. కొత్త పైపు ఆరు వందలు. మజూరీ ఆయన అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చాను.

అంతటితో వదల్లేదు ఆయన. ఎయిర్ ట్యాంకు కింది వాల్వు తెరిస్తే నీళ్లతోపాటు నల్లటి ఆయిలు వచ్చింది. ట్యాంకులోకి గాలి కొట్టే కంప్రెసర్ రింగులు అరిగితే ఆయిలు గాలితో కలిసి లైనులోకి వెళ్లి రబ్బరును లోపలినుంచి తినేస్తుందట. రింగులు మార్పించి, ఎడమ పైపు కూడా మార్పించాను. ట్యాంకు నీళ్లు ఇప్పుడు రోజూ వదులుతున్నాను.

బండి ఆపాక హబ్బులకు, అంటే చక్రాల నడిమి భాగాలకు, దగ్గరగా చేయి పెట్టి అన్ని చక్రాల వేడి పోల్చుకోండి. తాకకండి, కాలుతుంది. ఒకే ఇరుసు మీద రెండువైపులా ఒకే రకం లైనర్లు వేయించండి. వెనుక చాంబర్లలో పెద్ద స్ప్రింగు ఉంటుంది, దాని పట్టీని తెలియక విప్పితే ప్రాణం పోతుంది, క్లీనర్లను దాని జోలికి పోనివ్వకండి. ఇంకో మాట, కొందరికి నచ్చదు. 2018లో పది టైర్ల బండికి లోడుతో కలిపి అనుమతించే మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. అది చాలక ఇంకా పైన ఎక్కించి, లైనర్లు నిలవడం లేదని షాపు మీద అరిచేవాళ్లు మా అడ్డాలోనే ఉన్నారు.

మైదానంలో ఈసారి బండి గీత మీదే నిలిచింది. అదే ఇన్‌స్పెక్టరు, ఏమీ అనలేదు, సంతకం చేశారు.

ఈ ఉదయం సర్వీసు సెంటరు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, మా సేవలకు పదికి ఎన్ని మార్కులిస్తారని అడిగింది. పాపం ఆమె తప్పేముంది! చీల్చిన పైపు ఫోటో పంపుతాను, ట్యాబ్ పట్టుకునే కుర్రవాడికి చూపించి మార్కులు అతన్నే వేయమనండి అన్నాను. ఫోటో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.