డోవర్ కేసు: ప్రమాణం చేయించాక బయటపడిన నిజాలు

పరిణామ సిద్ధాంతం బోధనపై అమెరికాలో జరిగిన కోర్టు పోరాటం అనగానే చాలామందికి 1925 నాటి స్కోప్స్ విచారణే గుర్తుకు వస్తుంది. పరిణామ సిద్ధాంతం బోధించాడన్న అభియోగంపై జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద నడిచిన కేసు అది. స్కోప్స్ పక్షాన క్లారెన్స్ డారో, ప్రాసిక్యూషన్ పక్షాన విలియం జెన్నింగ్స్ బ్రయన్ వంటి ఉద్దండులు తలపడిన ఆ విచారణకు అంత పేరు రావడం సహజమే. కాని అక్కడ న్యాయమూర్తి శాస్త్రవేత్తల వాంగ్మూలాన్ని జ్యూరీ చెవిన పడనివ్వలేదు. చివరికి వేసిన 100 డాలర్ల జరిమానా కూడా 1927లో ఒక సాంకేతిక కారణంతో రద్దయింది. నా దృష్టిలో అంతకంటే విలువైనది 2005లో పెన్సిల్వేనియాలో నడిచిన కిట్జ్‌మిల్లర్ కేసు. అందులో ఇరుపక్షాల వాదాన్నీ కాగితాలు ముందు పెట్టి, ఎదురు ప్రశ్నలు వేసి, తీరిగ్గా పరీక్షించారు.

డోవర్ అనే చిన్న పట్టణపు స్కూల్ బోర్డు 2004 అక్టోబరులో ఒక తీర్మానం చేసింది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలు ఉన్నాయని, జీవుల పుట్టుకకు ‘ఇంటెలిజెంట్ డిజైన్’ (ఏదో ఒక మేధాశక్తి జీవులను రూపొందించిందనే వాదం) అనే మరో వివరణ ఉందని, కావాలనుకునేవారు ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ అనే పుస్తకం చూడవచ్చని తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఒక ప్రకటన చదివి వినిపించాలన్నది దాని సారాంశం. చదవడానికి ఒక నిమిషం పట్టే ప్రకటన అది. ఆ ఒక్క నిమిషానికి ఇంత గొడవ ఎందుకని అప్పట్లో అడిగినవారు ఉన్నారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు జీవశాస్త్ర ఉపాధ్యాయులే ఇచ్చారు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని, పాఠ్యాంశాన్ని తెలిసి తెలిసి వక్రీకరించడం తమ వృత్తి నియమావళికే విరుద్ధమని లిఖితపూర్వకంగా తెలిపి, దాన్ని చదవడానికి నిరాకరించారు. దాంతో 2005 జనవరిలో పాఠశాల పాలనాధికారులే తరగతి గదులకు వచ్చి చదవవలసి వచ్చింది. ఉద్యోగం ఇచ్చిన బోర్డుకే ఎదురు నిలిచిన ఆ ఉపాధ్యాయుల పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది.

అప్పటికే 11 మంది తల్లిదండ్రులు దావా వేసి ఉన్నారు. హారిస్‌బర్గ్‌లోని ఫెడరల్ కోర్టులో, జ్యూరీ లేకుండా, న్యాయమూర్తి జాన్ ఇ. జోన్స్ ఎదుట సెప్టెంబరు 26న విచారణ మొదలైంది. వాదుల తరఫున మొదటి సాక్షిగా నిలిచిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ స్వయంగా కాథలిక్ విశ్వాసి. అందుచేత దీన్ని ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య పోరుగా చిత్రించడం సరికాదని నేను భావిస్తాను.

విచారణలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఆ పాండాస్ పుస్తకపు పాత చిత్తుప్రతులు. జీవులను దేవుడే సృష్టించాడనే సృష్టివాదాన్ని ప్రభుత్వ పాఠశాలల్లో బోధించాలనే చట్టం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పింది. అంతకుముందు రాసిన చిత్తుప్రతుల్లో ‘సృష్టి’ అని ఉన్న చోటల్లా, తీర్పు తర్వాతి ప్రతుల్లో ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వచ్చి చేరిందని తత్త్వశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఫారెస్ట్ కోర్టుకు చూపించారు. చేపలు ఈత రెక్కలతో, పొలుసులతో, పక్షులు ఈకలతో, ముక్కులతో ఒక్కసారిగా అవతరించాయన్న నిర్వచనం మాత్రం దాదాపు యథాతథంగా ఉంది. ఒకచోటైతే ‘సృష్టివాదులు’ అనే ఇంగ్లీషు మాట మొదటి అక్షరం, చివరి అక్షరాలు అలాగే మిగిలిపోయి, మధ్యలో ‘డిజైన్ ప్రతిపాదకులు’ అన్న కొత్త మాటలు ఇరుక్కుపోయి కనిపించాయి. పుస్తకం ఎక్కడి నుంచి పుట్టిందో ఇక వేరే చెప్పనక్కరలేదు. డిజైన్ పక్షాన ప్రధాన సాక్షి అయిన మైఖేల్ బీహీ, సైన్సుకు తాను చెప్పే నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకోవలసి వచ్చింది.

పాఠశాలకు ఆ పుస్తకాలు విరాళంగా ఎవరిచ్చారన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, బోర్డు పరువు పోయింది అక్కడే. ఎవరిచ్చారో తమకు తెలియదన్నట్టు ఇద్దరు బోర్డు సభ్యులు విచారణకు ముందు ప్రమాణపూర్వకంగా చెప్పారు. తీరా చూస్తే, వారిలో ఒకరు తన చర్చిలో చందాలు పోగుచేసి, 850 డాలర్ల చెక్కును రెండోవారి తండ్రి పేర రాసి ఇచ్చారని విచారణలో తేలింది. న్యాయమూర్తి తానే కలుగజేసుకుని ఆ రెండో సభ్యుణ్ణి ప్రశ్నించారు. మత విశ్వాసాన్ని బహిరంగంగా చాటుకునేవారు అసలు ఉద్దేశాన్ని దాచుకోవడానికి పదే పదే అబద్ధమాడారని ఆయన తీర్పులో రాసిన వాక్యం చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. విశ్వాసానికి అబద్ధం అవసరం లేదని నా గట్టి నమ్మకం.

డిసెంబరు 20న 139 పేజీల తీర్పు వచ్చింది. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని, సృష్టివాదపు మూలాల నుంచి దాన్ని వేరు చేయలేమని, బోర్డు విధానం ప్రభుత్వం మతాన్ని నెలకొల్పరాదనే రాజ్యాంగ మొదటి సవరణకు విరుద్ధమని న్యాయమూర్తి జోన్స్ తేల్చి చెప్పారు. ఆయనను ఆ పదవిలో నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడైన జార్జ్ డబ్ల్యూ. బుష్ కాబట్టి, రాజకీయ పక్షపాతమనే ఆరోపణకు పెద్దగా చోటు లేకపోయింది. అంతకు ఆరు వారాల ముందే జరిగిన ఎన్నికల్లో డోవర్ ఓటర్లు పోటీలో ఉన్న ఎనిమిది మంది పాత సభ్యులనూ ఓడించారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్లలేదు. దాంతో ఈ తీర్పు పై కోర్టులకు చేరలేదు, చట్టరీత్యా ఆ ఫెడరల్ జిల్లా దాటి ఎవరినీ కట్టడి చేయదు. వాదుల న్యాయవాదులకు చెల్లించవలసిన పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు మాత్రం, ఆ విధానాన్ని వ్యతిరేకించి గెలిచిన కొత్త బోర్డు నెత్తినే పడింది.