వేడి గది, రెండు పుట్టుకలు

"రెండూ రాస్తానమ్మా. ఒకటే రాయమంటే మాత్రం రాయను" అని మా అమ్మాయి తెగేసి చెప్పింది.

స్కూల్లో ఇచ్చింది చిన్న పనే: 'ష్టూబె' అనే మాట పుట్టుక మీద ఒక పేజీ. దక్షిణ జర్మనీ పాత ఇళ్లలో ష్టూబె అంటే వెచ్చటి గది. పొయ్యి నోరు పక్కన వంటింట్లో ఉంటుంది, కట్టెలు అక్కడే వేస్తారు. గదిలోకి వేడి వస్తుంది గానీ పొగ రాదు. అప్పట్లో చలికాలమంతా ఇంటిల్లిపాదీ అందులోనే. పాత జర్మన్‌లో 'స్టుబా' అంటే స్నానానికి వేడి చేసిన గది కూడా. ఇంగ్లిష్ 'స్టవ్' దీని చుట్టమే. ఫిన్నిష్ 'తుపా', హంగేరియన్ 'సొబా' కూడా ఈ మాట వలస వెళ్లి మారిన రూపాలే.

మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? వాడుక లాటిన్‌లో ఆవిరి పట్టడమనే అర్థమున్న '*ఎక్స్‌టూఫారె' నుంచి వచ్చిందని కొందరు పండితులంటారు. దాని వెనక గ్రీకు 'తూఫోస్', అంటే పొగ. కాదు, జర్మానిక్ (జర్మన్, ఇంగ్లిష్ లాంటి భాషల కుటుంబం) సొంత మాటేనని ఇంకొందరు. దుమ్ములా, తుంపరలా ఎగరడాన్ని చెప్పే జర్మన్ మాట 'ష్టీబెన్'తో కలుపుతారు, స్నానాల గదిలో ఆవిరి ఎగిసేది కదా అని. జర్మానిక్ మూల రూపం '*స్టుబో' ముందు ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ మాట ఎక్కడా రాసి దొరకలేదు, తర్వాతి భాషల్ని పోల్చి కట్టుకున్నదని దానర్థం. ఆ గుర్తును వాడుకలోకి తెచ్చినవాడు 19వ శతాబ్దంలో జర్మనీలోని యేనాలో పాఠాలు చెప్పిన భాషాశాస్త్రవేత్త ఆగస్ట్ ష్లైషర్. పైన చెప్పిన లాటిన్ మాటకూ అదే గుర్తు.

నేను మాత్రం లాటిన్ వాదమే రాయమని పట్టుబట్టాను. మూలం అడిగితే తడుముకోకుండా ఒకటే చెప్పాలని నాకు గట్టి నమ్మకం. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రోజూ పోరేదీ నేనే. టెన్షన్ పడితే నా నోటికి ముందొచ్చేది జర్మనే. పిల్లకి ఆ సంగతి తెలుసు, పైకి అనదు.

"మన ఇల్లు సంగతేంటి?" అని అడిగింది. వెతికాం. తమిళంలో 'ఇల్', మనకు 'ఇల్లు', మూల ద్రావిడ రూపం '*ఇల్'. దానికీ నక్షత్రం ఉందని మా అమ్మాయి సంబరం ఇంతా అంతా కాదు. నాకు గుబులేసింది.

పిల్లలకి మూలాలు గట్టిగా ఉండాలని ఇక్కడి స్నేహితులకు చెప్తూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా అనలేను, వదులుకోనూ లేను. ఈ వేసవిలో ఊరెళ్తే ఎవరో ఒకరు "మీదే ఊరు పాపా?" అని అడుగుతారు. అది రెండు ఊళ్లు చెప్తే, నేను మధ్యలో కలగజేసుకోనా, ఊరుకోనా?