కోయాలా, పోయాలా? మిగిలిపోయిన పండ్లతో కేకు చేసిన నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి ఓవెన్‌లోంచి తీసిన కేకు మధ్యలో గుంట పడలేదు. ఇదేం విశేషమని మీరనుకోవచ్చు. ఇది నా నాలుగో ప్రయత్నం. మొదటి మూడు ఏమయ్యాయో మా బంధువులందరికీ తెలుసు కాబట్టి, ఈ నాలుగోదాని సంగతి కూడా వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

అసలు ఎందుకు మొదలుపెట్టానంటే, నాకు తిండి పారేయడమంటే ప్రాణం పోయినట్టుంటుంది. తొక్క నల్లబడిన అరటిపండు, ఒక పక్క మెత్తబడిన యాపిల్, సగం కోసి మర్చిపోయిన కీరదోస, వంగిపోతున్న క్యారెట్, ఇవన్నీ ఫ్రిజ్ అడుగున నా వైపే చూస్తున్నట్టనిపిస్తుంది. మా ఆవిడకి ఈ బాధ లేదు. తీసి పారేస్తుంది, చేతులు కడుక్కుంటుంది. నేను మాత్రం నల్లబడిన అరటిపండ్లన్నీ తొక్క తీసి డీప్ ఫ్రీజర్‌లో దాచడం మొదలుపెట్టాను. తొక్క మీద మచ్చలు వచ్చేకొద్దీ పండులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, అందుకే పసుపుపచ్చగా నిగనిగలాడే పండుకంటే చూడటానికి అసహ్యంగా ఉండే పండే కేకుకి మంచిది. ఈ ఒక్క ముక్క పట్టుకుని నేను పెద్ద పాకశాస్త్ర పండితుడిలా తిరిగాను.

సామాన్లు కొనడం, టిన్నులో బటర్ పేపర్ వేయడం, ఓవెన్ వేడి చేయడం, వీటిలో చెప్పుకునేంత కష్టమేమీ లేదు. ఎవరైనా చేస్తారు.

ఇక మొదటి కేకు సంగతి. ఆదివారం అక్కా బావగారూ పిల్లలతో వస్తున్నామన్నారు. సరే, నా పొదుపు విద్య చూపించడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాను. వీడియోలో ఆవిడెవరో నవ్వుతూ "మూడు అరటిపండ్లు, కావాలంటే మీకు నచ్చిన పండు ఏదైనా కొంచెం" అని చెప్పింది. ఆ "కొంచెం" అనే మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఫ్రీజర్‌లో నాలుగు అరటిపండ్లున్నాయి, మూడు వాడి ఒకటి మిగల్చడమెందుకని నాలుగూ కరగబెట్టి, వాటిలోంచి కారిన నీళ్లతో సహా గిన్నెలో వేశాను. ఒక యాపిల్ తురిమాను. కీరదోస కూడా తురిమి వేశాను. వేసి, పైన చక్కెర పోసి పక్కన పెట్టాను, ఎందుకంటే సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసి బయల్దేరడానికి ఇంకో అరగంట పడుతుందంది. సరే, ఈలోపు మిగతా పని కానిద్దామని మైదా, వంటసోడా, గుడ్లు, నూనె అన్నీ కలిపేసి, వాళ్లు దగ్గరికి వచ్చాక ఓవెన్‌లో పెడితే వేడివేడిగా తినొచ్చని ఆ కలిపిన పిండిని నలభై నిమిషాలు అలాగే ఉంచాను. కలిపినప్పుడు చిక్కగానే ఉంది. టిన్నులో పోసేటప్పుడు మాత్రం జారుగా, నీళ్లలా జారింది. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

పైన మాత్రం అద్భుతంగా వచ్చింది. బంగారు రంగు, మధ్యలో ఒక చక్కటి పగులు. టూత్‌పిక్ మధ్యలో గుచ్చితే అందం చెడుతుందని ఓ పక్కన గుచ్చి చూశాను, పచ్చిపిండి అంటకుండా శుభ్రంగా వచ్చింది. వెంటనే ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టి, కింద "ఒక్క పండు కూడా పారేయలేదు" అని రాశాను. పిన్ని మూడు చప్పట్లు పెట్టింది.

అందరూ కూర్చున్నారు. నేను చాకు పట్టుకుని నిలబడ్డాను, అక్క కొడుకు వీడియో తీస్తున్నాడు. చాకు దించగానే పైపెచ్చు కిందికి కుంగింది. పక్కలు నిలబడే ఉన్నాయి, మధ్యలోంచి మాత్రం బూడిద రంగులో ఏదో మెల్లగా ప్లేటులోకి జారుకుంటూ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు ఒక క్షణం. తర్వాత అక్క అంది, "ఒరే, దీన్ని కోయాలా, పోయాలా?"

నవ్వులు ఎంతసేపు సాగాయో చెప్పను. అంతకంటే నాకు గుచ్చుకున్నది బావగారి మర్యాద. ఆయన నవ్వలేదు. "పర్లేదోయ్, రుచి బాగానే ఉంటుందిలే" అంటూ చెంచా అడిగారు. కేకు తినడానికి చెంచా! అదీ పచ్చిపిండి, లోపల గుడ్లున్నాయి, తినొద్దని నేనే ప్లేటు లాక్కోవాల్సి వచ్చింది. సాయంత్రానికల్లా అక్క ఆ కుంగిన కేకు ఫొటోని గ్రూపు బొమ్మగా పెట్టేసింది. పిన్ని తన చప్పట్లు వెనక్కి తీసుకుంది. ఇలా తీసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తప్పు ఎవరిదో తేల్చాలి కదా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను, ఎదుటివాళ్ల భుజాలు తడిమే రకం. మా ఆవిడ మధ్యలో ఒకసారి ఓవెన్ తలుపు తీసి చూసింది. అంతే, నేరం ఆమె మీద వేశాను. వారం రోజులు వేశాను. తలుపు మరీ తొందరగా తీస్తే ఇంకా నిలదొక్కుకోని కేకు కుంగే మాట నిజమే, కానీ పైపెచ్చు గట్టిపడ్డాక ఒక్కసారి తీసినంత మాత్రాన లోపల చెరువు తయారవదు. ఇది నాకు తర్వాత తెలిసింది.

రెండోసారి ఓవెన్‌కి తాళం ఒక్కటే తక్కువ, ఎవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. గంటన్నర ఉంచాను. అంచులు మాడి బొగ్గయ్యాయి, మధ్యలో మళ్లీ అదే. అయితే ఓవెనే మంచిది కాదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు తెచ్చి చూస్తే 175 డిగ్రీలు పెడితే 170 చూపిస్తోంది, అంటే పాపం దాని తప్పేమీ లేదు. మూడోసారి మైదా ఇంకో వంద గ్రాములు ఎక్కువ వేసి, ఇక జారకూడదని బాగా గిలక్కొట్టాను. జారలేదు. చాకు కూడా దిగలేదు. మైదా తడిసాక ఎంత ఎక్కువ కలిపితే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ అంత బిగుసుకుంటుంది, చపాతీ పిండికి అది మంచిదే గానీ కేకుకి శత్రువు.

ఆ రోజు మా ఆవిడ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ముప్పావు కిలో పైన మైదా, ఆరు గుడ్లు, అర కిలోకి దగ్గరగా చక్కెర, నూనె, కరెంటు. "ఇవన్నీ పారేసి మీరు కాపాడింది ఒక కీరదోసకాయనండీ, అది కూడా చివరికి చెత్తబుట్టలోకే పోయింది" అంది. నాకు నోట మాట రాలేదు. పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్లందరికీ, నాతో సహా, ఇలాంటి కాగితం ఒకటి ఎవరైనా ఇస్తే బాగుంటుంది.

కానీ ఆ కాగితం చూశాకే నాకు లెక్క వేయాలన్న బుద్ధి పుట్టింది. అప్పటిదాకా నేను పిండీ చక్కెరా తూచాను గానీ పండ్లు ఒక్కసారీ తూచలేదు. మూడు మామూలు అరటిపండ్లు తొక్క తీస్తే దాదాపు 350 గ్రాములుంటాయి, అందులో నాలుగింట మూడొంతులు నీరే, అంటే 260 గ్రాములు. వీడియో ఆవిడ పావు కిలో మైదాకి అంత నీరే అనుకుంది. నేను వేసిందేంటి? నాలుగు పెద్ద అరటిపండ్లు 480 గ్రాములు, అందులో నీరు 360. యాపిల్ 150 గ్రాములు, అందులో 130 నీరే. కీరదోస 200 గ్రాములు, అది నూటికి 95 వంతులు నీరే, అంటే 190. అన్నీ కలిపితే 680 గ్రాములు! ఉండాల్సినదానికి రెండున్నర రెట్లు. పిండి కొద్దీ రొట్టె అని పెద్దలన్నారు గానీ, నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

మరి కలిపినప్పుడు చిక్కగా ఉన్నది తర్వాత ఎందుకు జారింది? నన్ను అన్నిటికంటే తికమక పెట్టింది ఇదే. చక్కెర చేసిన పని అది. తురిమిన పండు మీద చక్కెర గానీ ఉప్పు గానీ వేసి ఉంచితే లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టిన అరటిపండ్లయితే ఇంకా దారుణం, గడ్డకట్టినప్పుడు ఏర్పడే మంచు పలుకులు పండు లోపలి కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరగగానే నీరు ధారగా వస్తుంది. దీనికి తోడు సోడా పుల్లటిదానితో తడిసిన క్షణం నుంచే గ్యాసు వదలడం మొదలుపెడుతుంది. నేను నలభై నిమిషాలు ఆగాను కాబట్టి ఓవెన్‌లోకి వెళ్లేసరికి అందులో పొంగే సత్తువ చాలా వరకు పోయింది. అంటే అక్క ఆలస్యంగా రావడం కూడా ఒక కారణమే. ఈ మాట గ్రూపులో రాస్తే ఎవరూ ఒప్పుకోలేదు.

నాలుగోసారి చేసింది చెప్తాను. పావు కిలో మైదాకి పండూ కూరగాయా అన్నీ కలిపి 300 గ్రాములు, అంతకు మించి ఒక్క గ్రాము కూడా వేయలేదు. అరటిపండ్లు కరిగాక జల్లెడలో వేసి నీరు వార్చి, ఆ నీటిని పారేయకుండా చిన్న గిన్నెలో మరగబెట్టి రెండు చెంచాలకి దించి అదే మళ్లీ కలిపాను. రుచంతా అందులోనే ఉంటుంది, దయచేసి పారబోయకండి. కీరదోస తురుముని పలుచటి గుడ్డలో వేసి పిండితే అర గ్లాసు నీళ్లొచ్చాయి. క్యారెట్ సన్నగా తురిమితే చాలు, పిండక్కర్లేదు. గుమ్మడికాయైతే ముందు ఓవెన్‌లో కాల్చి మెదిపితే కొంత నీరు అక్కడే పోతుంది. చక్కెర 150 గ్రాములు చాలు, పండు బాగా మాగితే ఇంకా తగ్గించొచ్చు. నూనె అర కప్పు, గుడ్లు రెండు, సోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఒక చెంచా నిమ్మరసం. తడివి వేరుగా, పొడివి వేరుగా పెట్టుకుని, ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే రెండూ కలిపి, పొడి పిండి కనబడకుండా పోగానే ఆపేసి, వెంటనే లోపల పెట్టాను. 175 డిగ్రీల్లో గంట పట్టింది. టూత్‌పిక్ ఈసారి సిగ్గుపడకుండా నడిబొడ్డున గుచ్చాను. గుచ్చే థర్మామీటరు ఉన్నవాళ్లు మధ్యలో 96 డిగ్రీలు దాటిందో లేదో చూసుకుంటే ఇంకా నిశ్చింత. తీశాక గంటసేపు ముట్టుకోలేదు, చల్లారేటప్పుడే లోపలి పిండి గట్టిపడేది.

బీట్‌రూట్ గురించి ఒక మాట. గులాబీ రంగు కేకు ఫొటోలు చూసి మోసపోకండి. ఆ రంగుకి వేడీ పడదు, సోడా అంతకంటే పడదు, గోధుమ రంగులోకి తిరిగిపోతుంది. నిమ్మరసమో పెరుగో వేసి, సోడా మానేసి బేకింగ్ పౌడర్ వాడితే కొంతవరకు నిలుస్తుంది, అంతే. నల్లద్రాక్ష వేసి సోడా ఎక్కువైతే చుట్టూ ఆకుపచ్చగా మారుతుంది. అది బూజు కాదు, ఆ రంగు అలా మారడం సహజం, కానీ తినేవాళ్లకి ఆ సంగతి చెప్పి ఒప్పించే ఓపిక మీకుండాలి.

నిజంగా బూజు పట్టినవి మాత్రం వద్దు. ఇక్కడ నేను మా ఆవిడ పక్షం. మాగడం వేరు, కుళ్లడం వేరు. మెత్తటి పండుకి బూజు కనబడితే ఆ పక్క కోసేసి మిగతాది వాడదామనుకోవద్దు, లోపలికి పాకి ఉంటుంది. ఓవెన్ వేడికి బూజు చచ్చినా అది వదిలిన విషం చావాలనేమీ లేదు, కుళ్లిన యాపిల్స్‌లో వచ్చే పట్యులిన్ అనేది వేడిని బాగానే తట్టుకుంటుంది. క్యారెట్ లాంటి గట్టి కూరగాయైతే బూజున్న చోట చుట్టూ లోతుగా ఒక అంగుళం కోసి తీసేయొచ్చంటారు. నేనైతే అదీ చేయను, ఇంట్లో నా మీద ఇప్పటికే ఉన్న కేసులు చాలు.

పొద్దున్నే మా ఆవిడకి మొదటి ముక్క ఇచ్చి, తలుపు విషయంలో అన్న మాటలకి సారీ చెప్పాను. ముక్క తింది. రెండోది తనే కోసుకుంది. సారీ సంగతి ఇంకా ఏమీ తేల్చలేదు.

అక్కకి ఫొటో పంపాను, ముక్క కోసి నిలబెట్టి, పక్కన స్కేలు పెట్టి మరీ తీశాను. ఇక ఆ గ్రూపు బొమ్మ మార్చమన్నాను. "ఫొటోలో అప్పుడు కూడా పైన బాగానే ఉందిరా, ముక్క తిన్నాక చూద్దాం" అంది. వచ్చే ఆదివారం వస్తారట. బావగారు ఈసారి చెంచా అడగకుండా ఉండటానికి చెంచాలన్నీ పైఅరలో పెట్టేశాను.