ఏప్రిల్ 14, మా ఇంట్లో

మాది సూళ్లూరుపేట. నాన్న 1969లో మద్రాసు వచ్చి ఫైర్ సర్వీసులో చేరారు. నేను పుట్టి పెరిగిందంతా పెరంబూరులోనే. చుట్టూ తమిళ ఇళ్లు. ఏప్రిల్ 14 వచ్చిందంటే వాళ్లకు కొత్త సంవత్సరం. వీధంతా ముగ్గులు. పక్కింటి ఆంటీ స్టీలు గిన్నెలో మామిడికాయ పచ్చడి పంపేవారు. బెల్లం, వేపపువ్వు వేసి ఉడికించి చేస్తారు. మన ఉగాది పచ్చడికి దగ్గర చుట్టమే.

మా ఇంట్లో మాత్రం ఆ రోజు నాన్న చీకటితోనే లేచేవారు. ముందురోజు రాత్రి బెల్టు బకిల్‌ను బ్రాసోతో రుద్ది పెట్టుకునేవారు. ఇస్త్రీ మడత చెదరకుండా యూనిఫాం వేసుకుని, ఎవరితో ఏమీ మాట్లాడకుండా స్టేషన్‌కు వెళ్లిపోయేవారు. ఆయన తిరిగి వచ్చేదాకా అమ్మ రేడియో పెట్టనిచ్చేది కాదు.

ఏడేళ్లప్పుడు కాబోలు, "పండగ రోజు ఎక్కడికి నాన్నా?" అని అడిగాను. "బొంబాయిలో మనవాళ్లు పోయారమ్మా" అన్నారు. దూరపు చుట్టాలనుకున్నాను.

అది 1944 సంగతి. నాన్న పుట్టడానికి మూడేళ్ల ముందు. యుద్ధం రోజులు. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ బొంబాయి విక్టోరియా డాక్‌లో ఆగి ఉంది. దాదాపు 1,400 టన్నుల పేలుడు సరుకు, పత్తి బేళ్లు, నూనె పీపాలు, బంగారు కడ్డీలు, అన్నీ ఆ ఒక్క ఓడలోనే. మధ్యాహ్నం పత్తిలోంచి పొగ వచ్చింది. బిగించి కట్టిన పత్తి బేలు పైకి మండదు, లోపల రాజుకుంటూ ఉంటుంది. పైనుంచి ఎన్ని నీళ్లు కొట్టినా నిప్పు ఉన్నచోటికి చేరవు. లోపల పేలుడు సరుకు ఉందని తెలిశాక కూడా ఫైర్‌మన్లు నీళ్లు కొట్టే హోస్ వదల్లేదు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అరగంటకు మళ్లీ పేలింది. వందలమంది జనం పోయారు. వాళ్లలో 66 మంది ఫైర్‌మన్లు. దేశంలోని ఫైర్ స్టేషన్లన్నీ ఏటా ఆ తేదీన వాళ్లకోసం మౌనం పాటించి, 20 దాకా వారోత్సవాలు జరుపుతాయి.

నాన్న మాకు చెప్పిన జాగ్రత్తలన్నీ డ్రిల్లులో నేర్చుకున్నవే. పొగలో నిలబడకూడదు, నేల దగ్గర మూరెడు మంచి గాలి ఉంటుంది, పాక్కుంటూ పోవాలి. కాలుతున్న గోడ పడితే ఎంతదూరం వస్తుందో చూసుకునే నిలబడాలి. వెళ్లగానే అడగాల్సిన మొదటి మాట, "లోపల ఎవరైనా ఉన్నారా?"

చాలా ఏళ్ల తర్వాత జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గురించి చదివాను. 1824లో ఎడిన్‌బరోలో ఫైర్ దళాన్ని నడిపిన మనిషి. ఇళ్ల కప్పులు వేసేవాళ్లను, వడ్రంగులను, తాపీ మేస్త్రీలను ఏరి చేర్చుకున్నాడు. ఇల్లు కట్టడం తెలిసినవాడికే అది ఎటు కూలుతుందో తెలుస్తుందని. పొగలో నేలబారున పాకడం తన మనుషులకు ఆయన నేర్పిందే. తర్వాత లండన్ దళానికి పెద్ద అయ్యాడు. 1861 జూన్ 22న టూలీ స్ట్రీట్ గిడ్డంగుల మంటల దగ్గర గోడ కూలి తన మీద పడటంతో చనిపోయాడు. ఇదంతా ఫోన్‌లో నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఆ పేరు ఎప్పుడూ వినలేదట. కాసేపు ఆగి, "గోడేనా?" అని అడిగారు. ఆ ఒక్క మాటకు నాకు గొంతు పట్టేసింది.

1975 జులైలో మౌంట్ రోడ్డు ఎల్ఐసీ బిల్డింగ్ అంటుకున్నప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. నాన్న వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడిందట.

నాకు బాగా గుర్తున్నది మాత్రం మూర్ మార్కెట్. 1985 మే 30. సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్ర బిల్డింగ్, లోపల పాత పుస్తకాల కొట్లు. నాన్న జీతం రాగానే నన్ను అక్కడికి తీసుకెళ్లి పాత పిల్లల పత్రికలు కొనిపెట్టేవారు. కొట్టు ముందు ఆయన ఓపిగ్గా నిలబడి ఉంటే నేను ఎంతసేపైనా ఏరుకునేదాన్ని. మర్నాడు ఇంటికొచ్చినప్పుడు ఆయన ఒంటి మీద తడిసిన కాగితం బూడిద. రెండుసార్లు తలస్నానం చేసినా ఆ వాసన పోలేదు. "పుస్తకం మూసి ఉంటే అంచులే కాలతాయమ్మా. లోపల కాగితం తెల్లగానే ఉంటుంది. కట్టలు విప్పి ఒక్కోటీ తడపాలి, లేకపోతే రాత్రికి మళ్లీ రాజుకుంటుంది" అన్నారు. బొంబాయి పత్తి బేళ్ల సంగతి నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. ఆ తర్వాత ఆ స్థలం రైల్వే వాళ్లకు వెళ్లిపోయింది. ఇప్పటికీ సెంట్రల్‌లో సబర్బన్ రైలు ఎక్కేటప్పుడు నాకు ఆ వాసన వస్తుంది.

ఇప్పుడు నాన్నకు డెబ్భై ఎనిమిది. మా అపార్ట్‌మెంట్‌లో నా దగ్గరే ఉంటున్నారు. ఈ ఏప్రిల్ 14న పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని బాల్కనీలో నిటారుగా రెండు నిమిషాలు నిలబడ్డారు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎదురింట్లోంచి నాదస్వరం వినిపిస్తోంది.

తర్వాత ఆయన మెట్ల దగ్గర ఉన్న ఫైర్ హోస్ ఎర్ర పెట్టె ముందు ఆగారు. ఎన్నేళ్లుగానో దాని పక్కనుంచే వెళ్తున్నాను, ఒక్కసారీ తెరిచి చూడలేదు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కు తెలియదు. అడగ్గా అడగ్గా అసోసియేషన్ ఆఫీసు సొరుగులో దొరికింది. నాన్న హోస్ బయటికి తీసి, నేల మీద పరిచి, మడతల దగ్గర వేళ్లతో తడిమారు. గొట్టం చివర బిగించే కప్లింగ్‌లోకి తొంగి చూశారు. "వాషర్ లేదు. ఇది లేకపోతే జాయింట్ దగ్గరే నీళ్లన్నీ కారిపోతాయి, పైకి ప్రెషర్ రాదు" అన్నారు. ఆరు అంతస్తులూ ఎక్కి చూశాం. నాలుగింటిలో లేవు.

కారు తీస్తానన్నా వినకుండా బస్సులో పారిస్ కార్నర్ వెళ్లి, రబ్బరు వాషర్లు ఏడు తెచ్చారు. ఆరు అంతస్తులకు ఆరు, ఒకటి ఎక్స్‌ట్రా. అన్నీ తన చేత్తోనే బిగించి, తాళాలు తీసేసి, పెట్టెలకు వట్టి గొళ్లెం పెట్టి వచ్చేసరికి మూడయింది. అప్పుడు కూర్చుని, ఎదురింటివాళ్లు పంపిన మామిడికాయ పచ్చడి తిన్నారు.