తప్పు ఒకడిది, పేరు అందరికీ

వేరే దేశం నుంచి వచ్చినవాడు షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యమైతే "వీళ్ళింతే" అంటారు. అక్కడివాడే ఆలస్యమైతే "పాపం, బస్సు తప్పిపోయి ఉంటుంది" అంటారు. అన్నవాడికి కడుపులో ద్వేషం ఉండి తీరాలనేమీ లేదు. బుర్ర లెక్కలు వేసే తీరే అంత.

1976లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ ఒక ప్రయోగం చేశారు. 'ఎ', 'బి' అని రెండు గుంపులు. 'ఎ' వాళ్ళ గురించి 26 వాక్యాలు: 18 మంచివి, 8 చెడ్డవి. 'బి' గురించి 13: 9 మంచివి, 4 చెడ్డవి. మంచికీ చెడుకీ నిష్పత్తి రెండు చోట్లా ఒక్కటే. అయినా చదివినవాళ్ళు ఉన్నవాటికన్నా ఎక్కువ చెడ్డపనులు 'బి'కి అంటగట్టారు. చిన్న గుంపు అరుదుగా తగులుతుంది, చెడ్డపనీ అరుదే. రెండూ ఒకేసారి కనబడితే ఇక మరపుకు రావు. మంచిపనుల్ని అరుదుగా పెట్టి చూస్తే ఫలితం తిరగబడింది, మెప్పంతా 'బి'కి పోయింది. "మీవాళ్ళు భలే తెలివైనవాళ్ళు" అన్న పొగడ్తా ఈ బాపతుదే అనిపిస్తుంది.

అరవై మందిలో నలుగురే వలసవాళ్ళైతే వాళ్ళెప్పుడూ 'బి' గుంపే. దీనికి మందు సూపర్‌వైజరు రిజిస్టరులో ఉంది. ఆలస్యాలను మాత్రమే రాస్తే చాలదు, మొత్తం షిఫ్టులు కూడా రాయాలి. నెలకు మనిషికి 20 షిఫ్టులనుకుంటే నలుగురికి 80, అందులో 4 ఆలస్యాలు. మిగతా 56 మందికి 1,120, అందులో 56 ఆలస్యాలు. ఇద్దరిదీ 5 శాతమే. చాలాచోట్ల అనుమానం వచ్చాకే రిజిస్టరు తెరుస్తారు, అదీ కొత్తవాళ్ళ తప్పులకే. అప్పుడది దురభిప్రాయానికి దొంగసాక్ష్యం.

వలస వెళ్ళిన మనమేమీ తక్కువ తినలేదు. పక్క దేశం నుంచి వచ్చిన జట్టును "సోమరులు" అనేది మనమే. మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ 1970ల మొదట్లో బ్రిటన్‌లో స్కూలు పిల్లల్ని ఊరికే ఏదో వంకతో రెండు గుంపులు చేశాడు. తమ గుంపుకు కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ళతో తేడా పెరిగితే చాలన్నట్టు ఆ పిల్లలు డబ్బు పంచారు. అప్పటిదాకా వాళ్ళ మధ్య ఏ తగాదా లేదు!

కలిపి విందులు పెడితే ఇది పోదు. ఎదురెదురు బల్లల మీద ఎవరి గుంపు వాళ్ళదే. గుంపుల మధ్య దురభిప్రాయం తగ్గాలంటే ఏం కావాలో మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఒకే లక్ష్యం, ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి గడవని పని, పైవాళ్ళ మద్దతు. ఎక్కువగా చెడేది మొదటిదే. జంటలు కలిపి వేస్తారు, కానీ ఊడ్చేది, మోసేది కొత్తవాడు, మెషిన్ ముట్టేది పాతవాడు. వారానికోసారి ఆ పనులు తారుమారు చేయాలి. షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే మాట కొత్తవాడి నోటా రావాలి. పాతవాళ్ళు అతన్ని ప్రశ్న అడగాల్సి వస్తుందప్పుడు.